పాత ఏకాండి వీణ, ఎర్ర లేబుల్ గిటారు: కొనేముందు ఏం చూడాలి? మేళం, మెడ కోణం, తేమ

1. మూడులాంతర్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. కోట దగ్గర ఒక ఇంట్లో రెండు పాత వాయిద్యాలు అమ్మకానికి ఉన్నాయి.

మొదటిది వీణ. ఏకాండి అని చెబుతున్నారు. మేళం (మెట్లని నిలిపే నల్ల మైనం) ఎండి పగిలింది, 9, 10 మెట్లు వేలితో కదుపుతుంటే ఊగుతున్నాయి. కుండ (గుండ్రటి పొట్ట) పలక మీద, తీగలు ఆనే గుర్రం పక్కన సుమారు 7 సెం.మీ. చీలిక ఉంది. సొరకాయ బుర్రకి సూది మొనంత రంధ్రాలు. యాళి (చివరి మృగం తల బొమ్మ) కింద, దండి (పొడవాటి మెడ) అంచున చెక్కలో పొదిగిన తెల్లటి పట్టీల పని. తీగలు తుప్పు.

రెండోది గిటారు, యమహా ఎఫ్‌జి-180, లోపల ఎర్ర లేబుల్ మీద నిప్పాన్ గక్కి (యమహా పాత పేరు) అని ఉంది. 12వ మెట్టు దగ్గర మందపు తీగ ఎత్తు 4 మి.మీ. సాడిల్ (తీగలు ఆనే సన్న బద్ద) బ్రిడ్జి పైకి 2 మి.మీ. మాత్రమే కనిపిస్తోంది. చీలికలు లేవు.

దేన్ని తీసుకోవచ్చు, దేన్ని వదలాలి? వచ్చే ఆదివారం మళ్ళీ చూడటానికి వెళ్ళాలి. ఏమేం కొలవాలో చెప్పండి.

2. గొల్లపల్లి_దారి (బొబ్బిలి)

ముందు ఏకాండి అవునో కాదో తేల్చుకోండి, ధరలో సగం దాని మీదే ఉంటుంది. ఏకాండి అంటే కుండ, దండి, తల మూడూ ఒకే పనస దుంగలోంచి తొలిచినవి. అయితే ఏకాండికి కూడా రెండు అతుకులు తప్పవు. కుండ మీద మూసే పలక ఒకటి, దండి బోలు మీద మూసే పలక ఇంకొకటి. దండి పొడవునా సన్నటి గీత కనిపించింది కదా అని అతుకు వీణ అనుకోకండి. చూడాల్సింది అడ్డంగా వచ్చే గీత: కుండ మెడ దగ్గర, తల మొదలయ్యే చోట.

ఆ చోట్లలోనే పొదుగు పట్టీలు, ఇత్తడి చుట్లు ఉంటాయి. వీణని బోర్లించి, వెనక వైపు టార్చిని చెక్కకి ఆనించి పక్క వెలుగులో చూడండి. కుండ అడుగున మొదలైన చెక్క పోగు దండి వెనక్కి తెగకుండా సాగితే ఏకాండి. పట్టీకి అటు ఒక పోగు, ఇటు ఇంకో పోగు ఉంటే అతుకు. అతుకు వీణ చెడ్డదని కాదు, మంచి నాదం ఉన్నవి చాలా ఉన్నాయి. కానీ ఏకాండి ధర ఇవ్వకూడదు.

ఇంకొకటి. కొత్త పనస పసుపు. ఏళ్ళు గడిచేకొద్దీ తేనె రంగు మీదుగా గోధుమ రంగుకి దిగుతుంది. ముదురు పాలిష్ పూసి పాతదని అమ్మేవి వస్తుంటాయి. పలక మీది రంధ్రాల్లోంచి టార్చి వేసి లోపలి చెక్క చూడండి. పైన కాఫీ రంగు, లోపల లేత పసుపు అయితే అనుమానించండి. కుడి మోచెయ్యి ఆనే చోట, ఎడమ బొటనవేలు జారే దండి అంచున అరుగుదల ఉందా లేదా కూడా చూడండి. అరుగుదలని పాలిష్‌తో తెప్పించడం కష్టం.

దండి వంపుకి దారం చాలు. మేరువు (తల దగ్గర తీగలు ఆనే కమ్మీ) దగ్గర నుంచి కుండ మొదలు దాకా దండి పక్క అంచు వెంట దారం బిగించి పట్టండి. మధ్యలో 1, 2 మి.మీ. పల్లం ఉంటే మేళంలో సరిపెట్టవచ్చు. 5 మి.మీ. దాటితే అది మైనంతో తీరే పని కాదు, దండి లాగేసింది.

3. నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

చీలిక గురించి నేను చెప్తానండి. అది కదుల్తోందా లేదా ముందు చూడాలి. రెండు బొటనవేళ్ళు చీలికకి చెరోపక్క పెట్టి మార్చి మార్చి నొక్కండి. అంచులు ఎగుడుదిగుడు అయితే బతికున్న చీలిక. కదలకపోతే పాతది, దుమ్ము పట్టి నిలిచిపోయిందన్నమాట. దాన్ని కెలకొద్దు.

గిటారుకైతే రంధ్రంలోంచి చెయ్యి పెట్టి లోపల అడ్డు చెక్క ముక్కలు అతికించొచ్చు. వీణకి అలగ కుదరదు, పలక ఊడదీస్తే గాని చెయ్యి వెళ్ళదు. పలక ఊడదీయడం ఆఖరి మాట. అంచేత బయట నుంచే చెయ్యాలి. సరేసు (జంతు చర్మం నుంచి తీసే) జిగురు పలుకులు ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు, రాత్రంతా నానబెట్టండి. పొద్దున్న గిన్నెని వేడినీళ్ళలో పెట్టి 60 డిగ్రీల దగ్గర కరిగించండి. మరగనిస్తే జిగురు బలం చచ్చిపోతాది. పలకని హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చ చేసి, జిగురు వేలితో చీలికలోకి రుద్దుతూ, పక్కన నొక్కి వదులుతూ ఉంటే లోపలికి పీలుస్తాది. తర్వాత పాత సైకిల్ ట్యూబు కుండ చుట్టూ సాగదీసి చుట్టండి. మర్నాటి దాకా ముట్టొద్దు. కార్డు ముక్క దూరేంత వెడల్పు ఉంటే ఉత్త జిగురు నిలవదు, పనస చీలిక సన్నగా చెక్కి పెట్టాలి.

తెల్ల ఫెవికాల్, ఎపాక్సీ వద్దు. సరేసు వేడికీ తడికీ విడిపోతాది, రేపు ఇంకొకరు విప్పి మళ్ళీ చెయ్యొచ్చు. ఎపాక్సీ పడ్డ చీలికని విప్పాలంటే చెక్క పోతాది.

బుర్రకి కంగారు పడకండి. అది మరతో బిగించిందే, నాదం ఎక్కువగా కుండలోంచే వస్తాది. బుర్ర కింద నల్ల కాగితం పరిచి పదిహేను రోజులు వదిలీయండి. లేతరంగు పొడి రాలితే పురుగు బతికుంది. అప్పుడు బుర్ర విప్పి, వీణకి దూరంగా పెట్టి, లోపల బోరిక్ పొడి చల్లండి. పొడి రాలకపోతే పాత రంధ్రాలే, మైనంతో పూడ్చితే సరిపోద్ది. బాగా తినేసి ఉంటే ఫైబర్ బుర్ర పెట్టుకోవచ్చు గాని పాతది పారేయొద్దు, వీణతో పాటే దాచండి.

4. వంశధార (శ్రీకాకుళం)

మూడులాంతర్లు గారూ, ఆ తెల్ల పొదుగు ఏమిటో తేలేదాకా బయానా ఇవ్వకండి. పాత వీణల్లో ఏనుగు దంతం వాడినవి ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో వచ్చిన సవరణతో మన దేశపు దంతం వ్యాపారం ఆగిపోయింది, 1991 సవరణతో ఆఫ్రికా దంతం కూడా. వాయిద్యం ఎంత పాతదైనా దంతం ఉంటే అమ్మడం, కొనడం రెండూ నేరమే. వారసత్వంగా ఉన్నవాళ్ళు కూడా అటవీ శాఖ దగ్గర పత్రం చూసుకోవాలి.

పది రెట్లు పెంచే భూతద్దం తీసుకెళ్ళండి. అడ్డంగా కోసిన ముఖం కనిపిస్తే, దంతంలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు వల లాగా ఉంటాయి. ఎముకలో చిన్న చిన్న నల్ల చుక్కలు, గీతలు ఉంటాయి, అవి నెత్తురు నడిచిన గొట్టాలు. సెల్యులాయిడ్‌లో గీతలు మరీ సమాంతరంగా, అచ్చు వేసినట్టు ఉంటాయి. గుడ్డతో గట్టిగా రుద్దితే కర్పూరం వాసన కూడా వస్తుంది. కాల్చిన సూది పరీక్ష మాత్రం చెయ్యొద్దు, సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.

పొదుగు సన్నటి పట్టీ అయితే కోసిన ముఖం కనబడక తేల్చడం కష్టం. దంతమేమో అని కొంచెం అనుమానం మిగిలినా ఆ బేరం వదిలెయ్యండి.

5. పాత_గిటార్ (పార్వతీపురం)

గిటారుకి వస్తాను. ఎఫ్‌జి-180 యమహా 1966లో మొదలుపెట్టిన మోడల్. పలక ప్లైవుడ్, అందుకే మన ఉక్కపోతకి చీలికలు రాలేదు. ఇబ్బంది ఉన్నది మెడ కోణంలో.

లెక్క చూడండి. 12వ మెట్టు దగ్గర 4 మి.మీ. ఉంది, కావలసింది 2.5. అంటే 1.5 మి.మీ. దింపాలి. 12వ మెట్టు తీగ పొడవులో సగం కాబట్టి సాడిల్ దగ్గర దానికి రెట్టింపు, 3 మి.మీ. దింపాలి. మీకు బయట ఉన్నదే 2 మి.మీ. సాడిల్ అరగదీయడంతో అయ్యే పని కాదు.

అయినా మెడ రీసెట్ (మెడ విప్పి కోణం మార్చి మళ్ళీ బిగించడం) అని తేల్చేముందు రెండు చూడండి. ఒకటి, తీగని 1వ, 14వ మెట్ల దగ్గర ఒకేసారి నొక్కి 7వ మెట్టు మీద సందు చూడండి. 0.15 నుంచి 0.25 మి.మీ. ఉండాలి. మామూలు ఉత్తరాల కాగితం రెండు మడతలు దూరితే సరి. ఇది 1 మి.మీ. దాకా ఉంటే మెడ ముందుకు వంగింది, అది వేరే జబ్బు. రెండు, బ్రిడ్జి వెనక అంచు కిందకి కాగితం దూరుతుందా చూడండి. దూరితే బ్రిడ్జి లేచింది. దాన్ని మళ్ళీ అతికిస్తే ఎత్తు కొంత తగ్గుతుంది.

ఈ రెండూ బాగుంటే, మెట్ల మీద పొడుగాటి స్టీలు స్కేలు ఆనించి బ్రిడ్జి దాకా జరపండి. స్కేలు అంచు బ్రిడ్జి పైభాగాన్ని ఒరుసుకుంటూ వెళ్ళాలి. బ్రిడ్జి ముఖానికి గుద్దుకుంటే మెడ విప్పి కోణం మార్చాలి.

ఆ పని ఇదీ: 15వ మెట్టు పీకి, ఆ గాడిలోంచి 2 మి.మీ. బెజ్జం కింద మెడని ఒంటికి కలిపే పావురం తోక అతుకు సందులోకి వెయ్యాలి. పలక మీదికి వచ్చిన ఫింగర్ బోర్డు భాగాన్ని వేడి బద్దతో విడదీసి, బెజ్జంలోకి ఆవిరి పంపాలి. విడివడ్డాక మడమ (మెడ ఒంటికి ఆనే దిమ్మ) దగ్గర చెక్క చెక్కాలి. ఎంత చెక్కాలో కూడా లెక్కే. సాడిల్ దగ్గర కావలసిన 3 మి.మీ.ని మడమ లోతుతో గుణించి, 14వ మెట్టు నుంచి సాడిల్ దూరంతో భాగించండి. మడమ 95, దూరం 287 అయితే దాదాపు 1 మి.మీ. వస్తుంది. ఆ 1 మి.మీ. మడమ కొసన, ఫింగర్ బోర్డు దగ్గరికి వచ్చేసరికి సున్నా. రెండు వైపులా సమానంగా చెక్కకపోతే మెడ పక్కకి తిరుగుతుంది, తీగలు అంచు దాటిపోతాయి. ఎక్కువ మంది చెడగొట్టేది అక్కడే.

కొందరు బ్రిడ్జినే పలచగా చిత్రిక పట్టేసి తీగలు దింపేస్తారు. ఖర్చు తక్కువ, కానీ పాత గిటారుకి అది పెద్ద నష్టం. బ్రిడ్జి మందం పోతే పలక మీద తీగల ఒత్తిడి తగ్గి నాదం పలచబడుతుంది, అసలు భాగం ఒకటి పోయినట్టు కూడా.

6. మూడులాంతర్లు (విజయనగరం)

పాత_గిటార్ గారూ, చాలా ఉపయోగం. అంటే గిటారుకి రీసెట్ ఖర్చు ధరలోంచి తీసేసి అడగాలన్నమాట. వీణకి మేళం ఇంట్లో చేసుకోగలనా? మైనం పాళ్ళు, మెట్ల లెక్క ఎలా?

7. సారణి_30 (విజయనగరం)

మేళం మొదటిసారి చేసేటప్పుడు పక్కన చేసినవాళ్ళు ఒకరు ఉండాలి. పద్ధతి మాత్రం రాస్తున్నాను. వరుస తప్పితే పని రెండుసార్లు అవుతుంది, కాబట్టి వరుసే ముఖ్యం: ముందు గుర్రం, తర్వాత తీగలు, చివర మేళం.

గుర్రం మీది లోహపు రేకు వంపుతోనే వీణకి ఆ పలుకు వస్తుంది. తీగలు నడిచి రేకు మీద గాడి పడితే సారణి (మొదటి వాయించే తీగ) గీపెడుతుంది. 600 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 1200తో వంపు చెడకుండా, తీగ వెళ్ళే దిక్కులోనే రుద్దాలి. చదును చేస్తే నాదం చచ్చిపోతుంది. రేకుకీ చెక్కకీ మధ్య ఉన్న లక్క ఎండి బోలు అయితే గోటితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. అది విప్పి మళ్ళీ నింపాలి. ఇది మేళం తర్వాత చేస్తే గుర్రం ఎత్తు మారి 24 మెట్లూ మళ్ళీ కదపాలి.

తీగలు: సారణికి 30 నంబరు ఉక్కు (0.315 మి.మీ.), పంచమానికి 28 (0.376 మి.మీ.), మంద్రం, అనుమంద్రాలకి చుట్టు తీగలు, తాళం తీగలు మూడింటికీ 32 నంబరు. పాత వీణకి శ్రుతి పెంచకండి. మేరువు నుంచి గుర్రం దాకా 84 సెం.మీ. ఉన్న వీణని 5 కట్టె (కట్టె అంటే శ్రుతి స్థాయి) దగ్గర శ్రుతి చేస్తే సారణి ఒక్కటే సుమారు 6.8 కిలోల లాగుడు ఇస్తుంది. అతుకు, చీలిక ఉన్న వీణకి 31 నంబరు వేసి 4 కట్టెలో పెట్టడం మేలు.

ఇక మేళం. విప్పేముందు కాగితం పట్టీ దండి పక్కన అంటించి 24 మెట్ల చోట్లూ పెన్సిలుతో గుర్తు పెట్టండి, ప్రతి మెట్టు వెనకా నంబరు వెయ్యండి. పాత మైనాన్ని వెదురు బద్దతో లేపండి, ఇనుప ఉలి వద్దు. ఆ మైనం పారెయ్యకండి. గిన్నెని వేడినీళ్ళలో పెట్టి కరిగించి గుడ్డలో వడకట్టండి. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీలకే కరుగుతుంది, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. తగ్గినంత కొత్త తేనె మైనం, గుడ్డలో జల్లించిన గుగ్గిలం పొడి, బొగ్గు పొడి కలపండి.

పాళ్ళు ఒక్కొక్క చేతికి ఒక్కొక్కలా ఉంటాయి, అంకె కన్నా పరీక్షే నమ్మకం. చెంచాడు చెక్క మీద పోసి గంట ఆరనివ్వండి. గోరు గుర్తు పడాలి కానీ దిగకూడదు. దిగితే గుగ్గిలం కొంచెం పెంచండి. విరిస్తే పొడిగా రాలితే మైనం పెంచండి. మన వైపు మే నెలకి తట్టుకోవాలంటే కాస్త గట్టి వైపే ఉంచాలి.

గోరువెచ్చగా ఉండగానే తాడులా పేని దండికి రెండంచులా గట్లు కట్టండి. మెట్లు ఆ రెండు గట్ల మీద అడ్డంగా కూర్చుంటాయి. ముందు 12, తర్వాత 24, 7, 5. మిగతావి వీటి మధ్య నింపుకుంటూ రండి. 840 మి.మీ. వీణకి మేరువు నుంచి లెక్క సులువు: షడ్జం సగం దగ్గర 420, పంచమం మూడోవంతు 280, మధ్యమం నాలుగోవంతు 210, 24వ మెట్టు 630. కానీ నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది కాబట్టి మెట్టు లెక్క కన్నా 1, 2 మి.మీ. మేరువు వైపు ఉంటుంది. చివరి మాట చెవిదే.

8. పాత_గిటార్ (పార్వతీపురం)

సారణి గారూ, చెవి దాకా ఎందుకు? ఫోనులో ట్యూనర్ పెట్టి ఒక్కొక్క మెట్టూ సున్నాకి తెస్తే అయిపోతుంది కదా. పంచమంలో ట్యూనర్ లెక్కకీ సహజ స్వరానికీ తేడా 2 సెంట్లే (సెంటు అంటే రెండు మెట్ల మధ్య దూరంలో నూరోవంతు).

9. సారణి_30 (విజయనగరం)

పంచమానికి 2 సెంట్లే, నిజమే. అంతర గాంధారానికి 14 సెంట్లు. ట్యూనర్ సున్నాలో పెట్టిన గాంధారం తంబురాతో కలిపి వింటే పైకి ఉన్నట్టు వినిపిస్తుంది. అలా అని ఒక్క తీగనే చూసి గాంధారాన్ని పూర్తిగా దింపెయ్యకూడదు, అదే 4వ మెట్టు పంచమం తీగ మీద కాకలి నిషాదం అవుతుంది, మంద్రంలో మళ్ళీ గాంధారమే. ఒక మెట్టు నాలుగు తీగలకీ జవాబు చెప్పాలి.

నేను చేసేది ఇది. ట్యూనర్‌తో దగ్గరికి తెచ్చి, తీగల మధ్య పొత్తు చూసి స్థిరం చేస్తాను. పంచమం తీగ 5వ మెట్టు ఖాళీ సారణితో కలవాలి. మంద్రం తీగ 7వ మెట్టు ఖాళీ పంచమంతో కలవాలి. రెండు తీగలూ కలిపి మీటితే వినిపించే అల కొట్టుకోవడం ఆగేదాకా మెట్టు జరపండి. మెట్టు జరపడానికి దాని రెండు కొసలనీ సోల్డరింగ్ ఐరన్‌తో తాకితే కింద మైనం మెత్తబడుతుంది. జరిపాక పది నిమిషాలు ఆగి వినండి. వేడిగా ఉండగా సరిపోయిన మెట్టు చల్లారాక కుంగుతుంది. చాలామంది మేళం వారంలో చెడిందంటారు, అసలు చల్లారకముందే ముగించి ఉంటారు.

ఆఖరున చిన్న స్కేలు మూడేసి మెట్ల మీద ఆనించి చూడండి. ఊగితే మధ్యది ఎత్తు, దానికి ముందు మెట్టు గీపెడుతుంది.

10. కొత్తవలస_పికప్

ఇదే చర్చలో అడుగుతున్నాను, మన్నించండి. పాత అమెరికా ఎలక్ట్రిక్ గిటారు ఒకటి బేరానికి వచ్చింది. సంవత్సరం ఎలా పట్టాలి?

11. పాత_గిటార్ (పార్వతీపురం)

తమ్ముడూ, నంబరు పలక మార్చగలరు, లోపలి పాట్‌లు (శబ్దం పెంచే, తగ్గించే బటన్ల కింది భాగాలు) చూడు. వెనక అంకెలు ఉంటాయి. 304-6320 అంటే 304 తయారీదారు స్టాక్‌పోల్, 63 సంవత్సరం, 20వ వారం. 137 అయితే సీటీఎస్. అది పాట్ తయారైన తేదీ, గిటారు అంతకుముందుది కాదని మాత్రమే చెబుతుంది. టంకం కదిలించి ఉంటే అది కూడా సాక్ష్యం కాదు. పాత టంకం మసకగా, ఒక్కసారే పెట్టినట్టు ఉంటుంది. ఫెండర్ 1965 జనవరిలో సీబీఎస్ కంపెనీ చేతికి వెళ్ళింది, దానికి ముందువని చెప్పి ధర పెంచుతారు కాబట్టి ఇక్కడ ఒక్క ఏడాది తేడా కూడా పెద్ద తేడానే. విదేశం నుంచి వచ్చేదైతే ఫింగర్ బోర్డు బ్రెజిల్ రోజ్‌వుడ్డా అని కూడా చూడు, 1992 నుంచి దాని మీద సరిహద్దు దాటే వ్యాపారానికి గట్టి నిషేధం ఉంది.

12. నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

ఏ వాయిద్యం కొన్నా ముందు తేమ మీటరు కొనండి. చవకది చాలు గాని సరిచూసుకోవాలి. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ముద్ద అయ్యేంత నీళ్ళు చల్లండి, కరగకూడదు. మీటరుతో పాటు జిప్ సంచిలో పెట్టి మూసి 12 గంటలు వదిలీయండి. 75 చూపాలి. 81 చూపిస్తే మీ మీటరు ఎప్పుడూ 6 ఎక్కువ చెప్తాదన్నమాట.

గిటారుకి 45 నుంచి 55 శాతం మధ్య బాగుంటాది. మన తీరంలో వానాకాలం 80 దాటిపోద్ది. పెట్టెలో సిలికా జెల్ సంచులు రెండు పెట్టి, రంగు మారగానే బాణలిలో వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ గదిలో ఉంచి, ఆపి, మళ్ళీ వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డది. నిలకడగా 65 ఉన్నా పర్వాలేదు గాని రోజుకి రెండుసార్లు 80కీ 45కీ ఊగకూడదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఎన్ని ఇళ్ళు తడిసిపోయాయో మనకి తెలిసిందే. తడిసిన వీణని ఎండలో పెట్టొద్దు. ముందు తీగలు సడలించండి, గుడ్డతో అద్దండి, నీడలో ఫ్యాను గాలి నేరుగా తగలకుండా వారాలు ఆరనివ్వండి. పైన ఆరినట్టు కనిపించినా లోపల ఆరదు. బేగి ఆరితే పలక చీలిపోద్ది.

13. మూడులాంతర్లు (విజయనగరం)

కొలతలు తెచ్చాను. వీణ వెనక పోగు కుండ నుంచి దండికి తెగకుండా వచ్చింది, తల దగ్గర మాత్రం అడ్డగీత ఉంది. దారంతో పల్లం 2 మి.మీ. చీలిక కదలడం లేదు. పొదుగులో భూతద్దం కింద నల్ల చుక్కలు స్పష్టంగా ఉన్నాయి. పొదుగు ఊడిన ఒకచోట కోసిన ముఖం కూడా చూశాను, వల గీతలు లేవు. గిటారు స్కేలు బ్రిడ్జి ముఖానికి తగిలింది, బ్రిడ్జి లేవలేదు, 7వ మెట్టు దగ్గర సందు 0.2.

14. గొల్లపల్లి_దారి (బొబ్బిలి)

తల వేరే అతికినది, కుండా దండీ ఒకటే. పూర్తి ఏకాండి ధర ఇవ్వకండి, కానీ వదలొద్దు. పల్లం మేళంలో సరిపోయేదే, కదలని చీలికని కెలకక్కర్లేదు. తల అతుకు దగ్గర సన్న కాగితం దూరుతుందేమో ఒకసారి చూడండి. దూరకపోతే తీసుకోండి.

15. వంశధార (శ్రీకాకుళం)

చుక్కలు ఉండి, వల గీతలు లేకపోతే ఎముకే అయ్యుండాలి. ఫోటోలు తీసి ఉంచండి, రేపు మీరు అమ్మాల్సి వస్తే పనికొస్తాయి.

16. సారణి_30 (విజయనగరం)

తెచ్చేటప్పుడు జాగ్రత్త. తీగలు ఊడదీయొద్దు, ఒక్కొక్కటి రెండు మెట్ల స్వరం తగ్గేంత సడలించండి. మొత్తం ఒకేసారి వదిలితే గుర్రం జారిపోతుంది. ఊగే 9, 10 మెట్లు తీసి, నంబరు వేసి, వేరే కాగితంలో చుట్టండి. బుర్ర విప్పి విడిగా పట్టుకోండి. వీణ కారు వెనక సీటు మీద, కుండ కింద దిండు. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారులో మైనం మెత్తబడి మెట్లన్నీ పక్కకి ఒరుగుతాయి, అందుకని పొద్దున్న తొమ్మిదిలోపే బయల్దేరి నేరుగా ఇంటికి వచ్చెయ్యండి.